చిక్కడపల్లి జట్టుకు నేను గీసిన చొక్కా

ఆటగాళ్ల చొక్కాలు దుకాణాల అద్దాల వెనక వేలాడతాయనీ, చూసేవాళ్లు వాటిని ఎగబడి కొంటారనీ ఆ రోజుల్లో ఎవరైనా చెబితే, నారాయణగూడ చౌరస్తాలోని ఇరానీ హోటల్లో అతనికి ఒక చాయ్ ఇప్పించి, జాగ్రత్తగా ఇంటి దగ్గర దింపి వచ్చేవారు. ఆ మాట అక్కడ మొదటిసారి చెప్పినవాణ్ణి నేనే. నాకు చాయ్ కూడా ఇప్పించలేదు.

అరవై తొమ్మిది ప్రాంతం మాట ఇది. అంతకు పన్నెండేళ్ల ముందే నాన్నగారి ఉద్యోగంతో పాటు మేమంతా కోస్తా నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో అద్దెకుండేవాళ్లం. నాకు ఇరవై ఏళ్లు. బషీర్‌బాగ్‌లో ఒక ఇంజినీర్ల ఆఫీసులో ప్లాన్లకు పల్చటి కాగితం మీద నకళ్లు గీసే ట్రేసింగు పని. సాయంత్రం కాగానే సైకిలు మీద నారాయణగూడ మైదానానికి వెళ్లి, చిక్కడపల్లి ఫుట్‌బాల్ జట్టు ఆట చూసేవాణ్ణి. తెలంగాణ ఉద్యమంతో బయట గాలి వేడిగా ఉన్న రోజులవి. నా యాస వినగానే రోడ్డు మీద కొందరు తల తిప్పి చూసేవారు. మైదానం గట్టు మీద మాత్రం నీది ఏ జిల్లా అని ఎవరూ అడగలేదు. మా జట్టు వెనకబడితే అందరితో పాటు నేనూ గోళ్లు కొరుక్కునేవాణ్ణి, అంతే. అక్కడ నన్ను 'ట్రేసింగ్' అనేవారు. (అసలు పేరు ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే నాకు హాయిగా ఉండేది.)

జట్టు కెప్టెన్‌ని అందరూ మేస్త్రీ అన్న అనేవారు. పాలమూరు వైపు నుంచి చిన్నప్పుడే వలస వచ్చిన మనిషి. పగలు ఇటుక పని, సాయంత్రం సెంటర్ ఫార్వర్డ్. అభిమానులకు పెద్ద సోడా మామ. చిక్కడపల్లిలో గోలీసోడాల కొట్టు ఆయనది, మ్యాచ్ ఉన్న రోజు ఆ కొట్టు మూసే ఉండేది. జట్టుది ముదురు ఆకుపచ్చ చొక్కా. ఒకనాటి మ్యాచ్‌లో మేస్త్రీ అన్న చొక్కా ఎదుటివాడి చేతిలో సగం ఉండిపోవడంతో, కొత్తవి కుట్టించక తప్పదని తేలింది. అన్న నా దగ్గరికి వచ్చి, "తమ్మీ, ఆఫీసుల బొమ్మలు గీస్తవంట గద. మనకొక అంగీ గియ్యరాదు?" అన్నాడు.

పాత రంగులోనే ఇంకోటి గీసి ఉంటే ఈ కథ లేదు. కానీ నేను లైబ్రరీలో ఒక విదేశీ పత్రిక చూసి ఉన్నాను. అందులో ఏదో జట్టు చొక్కాకు గుండె మీద మూడు అడ్డ పట్టీలు, భుజాలకు వేరే రంగు ఉన్నాయి. ఫొటో నలుపు తెలుపుల్లో ఉండటం వల్ల రంగులు నా సొంతం. చొక్కా ఎరుపు, పట్టీలు పసుపు, భుజాలూ పసుపే. ఆఫీసు ట్రేసింగు కాగితం మీద, కొలతలతో సహా గీశాను. అశోక్‌నగర్ దర్జీ ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, షేర్వానీలకు తెచ్చిన మంచి జరీ ఉండగా మామూలు పసుపు పట్టీ ఎందుకన్నాడు. నాకూ నచ్చింది. జట్టుకు కావలసినవి పోను మరో రెండు డజన్లు కుట్టించాం, అభిమానులకు అమ్మడానికి. అది పూర్తిగా నా ఆలోచన.

కొత్త చొక్కాలతో మా వాళ్లు మైదానంలోకి దిగినప్పుడు సాయంత్రపు ఎండ జరీ మీద పడి, గట్టు మీదున్నవాళ్లు కళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. చప్పట్లు లేవు. సోడా మామ చాలాసేపు చూసి, "పెండ్లి ఎవరిది?" అని నెమ్మదిగా అడిగాడు. ఆయన ఇంకేమీ అనాల్సిన అవసరం రాలేదు, మిగతాది అందరూ పంచుకున్నారు. ఆకుపచ్చ తీసేసినందుకు ఒకాయన గట్టు మీద చోటు మార్చుకుని, ఎదుటి జట్టు వాళ్ల పక్కన కూర్చున్నాడు.

వారం రోజులు మైదానం గేటు దగ్గర మూట విప్పుకుని కూర్చున్నాను. మనమేమన్నా ఆడతామా, మనకెందుకు అంగీ అన్నవాళ్లు మర్యాదస్తులు. ఒకటి నేను తొడుక్కున్నాను. ఇంకోటి అమ్మ పొయ్యి మీంచి గిన్నెలు దించడానికి తీసుకుంది. (జరీ వేడెక్కి వేలు చురుక్కుమందని మర్నాడే మానేసింది.)

ఆ తర్వాత ఒక పొద్దున మా ఇంటికి చిక్కడపల్లి బ్యాండు మాస్టరు వచ్చాడు. పెళ్లి ఊరేగింపుల్లో వాయించే మేళం అతనిది. చొక్కా చేతిలోకి తీసుకుని, భుజాలు నిమిరి, "ఇరవై ఏండ్ల సంది ఇసొంటి డ్రెస్ కోసమే చూస్తున్న. ఎవరు గీసిండ్రు బాబూ?" అన్నాడు. ఆ చొక్కాను మెచ్చుకున్న మొదటి మనిషి అతను. నేనే గీశానని రెండుసార్లు చెప్పాను. అతను అడిగిన ధరకే మూట మొత్తం ఇచ్చేశాను, నా ఒంటి మీదది కూడా విప్పి ఇచ్చేవాణ్ణే.

అన్నీ అమ్ముడుపోయాయని మేస్త్రీ అన్నకు చెప్పాను. కొన్నది మన వాళ్లేనా అని ఆశగా అడిగాడు. చిక్కడపల్లి వాళ్లేనన్నాను. (అబద్ధం కాదు గదా అని నాకు నేను వందసార్లు చెప్పుకున్నాను.) ఆ వార్త సోడా కొట్టుకు చేరింది. ఎవరు కొన్నారో తెలియక ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. రెండు రోజుల్లో నలుగురు విడివిడిగా నా దగ్గరికి వచ్చి, ఒకటేమైనా మిగిలిందా అని చెవిలో అడిగారు. చివరికి సోడా మామ కూడా, తనకు కాదు, తమ్ముడి కొడుక్కి అంటూ వాకబు చేశాడు.

సెమీఫైనల్ నాడు చెరొక గోలుతో ఆట చివరికొచ్చింది. ఏదో పెళ్లికి వెళ్తున్న బ్యాండు వాళ్లు గోల విని లోపలికి వచ్చి, ఎడమ పక్క గీత వెంబడి వరసగా నిలబడ్డారు. ఎరుపు చొక్కాలు, జరీ పట్టీలు. అన్నీ నేను అమ్మినవే. మా లెఫ్ట్ వింగ్ కుర్రాడు ఇద్దరిని తప్పించుకుని, తల కొంచెమే ఎత్తి, ఓరకంట ఎరుపు చూసి, ఎంతో అందమైన పాస్ ఇచ్చాడు. బంతి నేరుగా క్లారినెట్ వాయించే పెద్దాయన కాళ్ల దగ్గర ఆగింది. ఆయన క్లారినెట్ చంకలో పెట్టుకుని, బంతిని మర్యాదగా వెనక్కి తన్నాడు. రెఫరీ ఈల ఊదాడు. గీత దాటిన బంతి ఎదుటి జట్టుకు త్రో అయింది, ఆ త్రో నుంచే వాళ్లు గోలు కొట్టారు. మేం ఓడిపోయాం. గట్టు మీద జనం ముందు నవ్వారు, తర్వాత లెక్క కట్టుకున్నారు, ఆ తర్వాత అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు.

సైకిలు దాకా కూడా వెళ్లలేకపోయాను. ఇక ఈ గట్టు మీద నాకు చోటు లేదనుకున్నాను. మేస్త్రీ అన్న చెమటతో వచ్చి నా పక్కన కూలబడ్డాడు. బ్యాండు మాస్టరు సంగతి మొత్తం చెప్పేశాను. అన్న ఒక గడ్డిపరక పీకి, "పాస్ అయితే మంచిగనే ఇచ్చిండు," అన్నాడు. సోడా మామ పదిమందిని వెంటేసుకుని వచ్చేసరికి అన్నే లేచి ఎదురెళ్లాడు. "ఎవరికి అమ్మినవని తమ్మీని నేను గట్టిగ అడగలె, మామా. తప్పు నాది. పొల్లగాణ్ణి ఏమనకుండ్రి," అన్నాడు. మామ నన్ను ఎగాదిగా చూసి, రేపటి నుంచి మళ్లీ ఆకుపచ్చే అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు. మరుసటి మ్యాచ్‌కు గట్టు మీద నా చోటులో ఎవరూ కూర్చోలేదు. ఎవరైనా కూర్చోబోతే ట్రేసింగ్ వస్తడు, జరగమన్నారట.

కొన్ని నెలల తర్వాత ఆఫీసు పని మీద అడిక్‌మెట్ వెళ్తే, కడుతున్న ఒక మేడ మీద మేస్త్రీ అన్న కనిపించాడు. ఒంటి మీద నేను గీసిన ఎర్ర చొక్కా. జరీ నిండా సిమెంటు. నన్ను చూసి చెయ్యూపి, పక్కనున్న కూలీలతో, "గీ అంగీ గీసింది గా తమ్మీనే," అన్నాడు. వాళ్లంతా పని ఆపి గౌరవంగా కిందికి చూశారు. నేను కాలరు సర్దుకుని, చంకలో ఫైలుతో, ఆ ఎండలో అవసరమైనదానికన్నా చాలాసేపు నిటారుగా నిలబడ్డాను. అన్న ఆటపట్టించడం లేదు, మెచ్చుకుంటున్నాడనే అనుకున్నాడు పాపం ఆ ఇరవై ఏళ్ల ట్రేసింగ్ కుర్రాడు. అనుకోనీ.