కుడి ఇంజన్లో మంట

ఈ పొద్దున క్వార్టర్స్ వంటింట్లో చపాతీ కర్ర చేతికి తగలగానే నా పాదాలు వాటంతటవే నేలను ఎడమా కుడీ నొక్కసాగాయి. బసప్ప సార్ గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నేను వాయుసేనలో హెలికాప్టర్ పైలట్‌ని. ఆయనా ఒకప్పుడు అదే పని చేసి, రిటైరయ్యాక ఆదోనిలో స్థిరపడ్డారు. కొన్నేళ్ల కిందట కాలు విరిగి నేను ఏడాది పైన ఎగరలేదు. మళ్లీ ఎగరాలంటే నెలలో పరీక్ష నెగ్గాలి. తప్పితే ఇక బతుకంతా ఆఫీసు కుర్చీయే. భయంతో రోజూ మా ఊరు ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి ఆయన దగ్గరికి పోయేదాన్ని.

ప్లాస్టిక్ కుర్చీ, కాళ్ల కింద రెండు ఇటుకలు, చేతిలో వాళ్లావిడ చపాతీ కర్ర. అదే మా హెలికాప్టర్. దాన్ని నేలకు మెత్తగా దింపినట్టు చూపించి మెప్పు కోసం ఆయన వైపు చూశాను.

"సేతులు యాడికీ పోవు పాపా. మరిసేది పనుల వరస. కుడి ఇంజన్లో మంట! ఏం సేస్తావు?"

"ఇంజన్ ఆపి, మంటలార్పే మీట నొక్కుతా."

"నడుమ ఇంధనం ఎవురు కట్టేస్తారు, మీ నాయనా? మల్లా సెప్పు."

ఒకరోజు ఇద్దరం మంత్రాలయం పోతుంటే, కిక్కిరిసిన బస్సులో ఆయన హఠాత్తుగా "కుడి ఇంజన్లో మంట!" అని అరిచారు. డ్రైవర్ బ్రేకేశాడు. జనం బిలబిలమంటూ దూకేశారు. నేను మాత్రం కళ్లు మూసుకుని వరస అప్పజెప్పాను, ఒక్కటీ తప్పకుండా!

"యాడప్పా మంట?" అన్నాడు కండక్టర్, రొప్పుతూ.

"ఈ పాప తలకాయలో. ఆరిపోయిందిలే, ఎక్కండి."

తిట్లు తింటూనే ఆయన తన సంగతి చెప్పారు. కొన్నేళ్లు ఆఫీసు పని చేసి మళ్లీ ఎగిరినప్పుడు, దిగేముందు చూడాల్సినదొకటి చూడలేదట. ఎవరూ గమనించలేదు. తనే పోయి పై అధికారికి చెప్పి ఎగరడం మానుకున్నారు.

"ఎవురూ సూడల్యా కదా సార్?"

"నేను సూసినా కదా."

పరీక్షలో మంట వరస గడగడా చెప్పాను. దిగడమూ బ్రహ్మాండం. పరీక్షించే ఆయన సంతకానికి పెన్ను తీశాడు. అప్పుడు తట్టింది, దిగేముందు ఆయిల్ మీటరు చూడలేదని. ఆయనా గమనించలేదు.

"సార్, సంతకం పెట్టకండి. ఒకటి మరిచాను," అన్నాను.

బయటికొచ్చి బసప్ప సార్‌కి ఫోన్ చేశాను. "ఫెయిలైనా సార్. నేనే చెప్పేసినా."

ఆయన ఫోన్ పగిలేలా వాళ్లావిడని కేకేశారు. "ఏమే! పాప తన తప్పు తానే సెప్పిందంట, సెయ్యి తిరిగిందే! బెల్లం తే!"

నేనే చెప్పినందుకు పరీక్షించే ఆయన ఇంకో అవకాశమిచ్చాడు; మర్నాడు మళ్లీ ఎగిరి నెగ్గాను. బసప్ప సార్ ఇప్పుడు లేరు. పది రోజులు ఎగరకపోతే ఈనాటికీ నేనే ముందు చెప్పి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుంటాను. చెప్పడానికి నాకు ఏ మాత్రం సిగ్గుండదు.