గుమ్మటానికి మూడు డబ్బాలు

బస్సు టైరు పగిలింది. అందరం దిగి కల్వర్టు గట్టు మీద కూలబడ్డాం. నా పక్కనున్న మనిషి ఒళ్లో సంచి, సంచిలో మూడు డబ్బాలు. జాకీ కోసం వెతుకుతున్న కండక్టరు అటు చూసి నవ్వాడు.

"ఏం బాబాయ్, అన్నీ డబ్బాలే! ఈ వయసులో ఇంట్లో పసిపాపా?"

"పాపే. నాలుగు క్వింటాళ్ల పాప," అన్నాడతను నవ్వకుండా.

ఆ పాప అతని గుర్రం. అలా ముందు గుర్రం పరిచయమైంది, ఆ తర్వాతే మనిషి. నాకిది కొత్త కాదు. ఒకసారి తేనెటీగల పెట్టెలు మోసుకెళ్లే ఆయనతో రెండు రోజులు ప్రయాణం చేశాను. ఈగల జ్వరాలూ జలుబులూ అన్నీ చెప్పాడు కానీ, తనకు పెళ్లయిన సంగతి దిగబోతూ చెప్పాడు.

ఇతను స్వారీ నేర్పే బడిలో ఇరవై ఆరేళ్లు సాయీసు. శాల కడగడం, గుర్రాలకు మాలీసు చేయడం, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీయడం అతని పని. బడి మూసేసిన రోజు యజమాని "నీకేం కావాలి?" అని అడిగితే ఓ ముసలి ఆడగుర్రాన్ని చూపించాడు. గాలి పీల్చినా ఒళ్లు చేసే రకం. స్వారీకొచ్చే పిల్లలు దానికి గుమ్మటం అని పేరు పెట్టారు.

"మిగతావి బస్తా తిన్నా డొక్కలు కనపడేవండీ. ఇది వాటి తిండి చూసి లావయ్యేది."

లావెక్కిన గుర్రానికి గిట్టల్లో వాపు వస్తే నిలబడలేదు, నిలబడలేని గుర్రం ఎన్నాళ్లో బతకదు. ఇతని భయమంతా అదే. అందుకే పశువుల డాక్టరు దాణా మాన్పించి, ఎండుగడ్డి తూచి వెయ్యమన్నాడు. దాణాతో పాటు అందే విటమిన్లూ ఖనిజాలూ తగ్గిపోతాయి గనక ఒక పొడి రాసిచ్చాడు. రోజుకు ఒక్క చెంచా, అంతే. ఆ తర్వాత ఆయన పట్నానికి మారిపోయాడు.

చలికాలంలో గిట్ట అంచు బీటలు వారింది. దుకాణంవాడు గిట్టలకని ఇంకో డబ్బా ఇచ్చాడు. కొన్నాళ్లకు జూలు రాలసాగింది. జూలుకని మూడో డబ్బా వచ్చింది. జూలు ఇంకా రాలింది.

"కడుపు మాడుస్తున్నాను కదా పెద్దాయనా, దానికే నీరసించిందనుకున్నా. చెంచాలు పెంచుకుంటూ పోయా. తిండి దగ్గర పిసినారినయ్యా, మందు దగ్గరైనా చెయ్యి ధారాళంగా ఉండాలి కదా?"

జేబులోంచి పొట్లం తీసి విప్పాడు. నల్లటి జూలు వెంట్రుకలు, చిన్నపిల్ల జడంత లావున ఉన్నాయి. పట్నం వెళ్లి ఆ డాక్టరుకే చూపించడానికట.

"ఈ డబ్బాల మీద ఏముందో కాస్త చదివి పెట్టండి. నాకు గుర్రం బొమ్మ తప్ప ఏదీ ఆనదు."

భూతద్దం తీశాను. రాత చీమల బారులా ఉంది. మొదటి దానిలో రాగి, జింకు, సెలీనియం. రెండో దానిలో బయోటిన్, జింకు, సెలీనియం. మూడో దానిలో విటమిన్ ఇ, సెలీనియం. అట్టడుగున ఒక హెచ్చరిక ఉంది. ముందు నాలో నేను చదువుకున్నాను. తర్వాత పైకి చదవక తప్పలేదు.

"సెలీనియం ఉన్న ఇతర పొడులతో కలిపి వాడరాదు. మోతాదు మించితే జూలు, తోక వెంట్రుకలు రాలును. గిట్టలు చిట్లును."

"మళ్లీ చదవండి."

చదివాను.

"అంటే... నేను పెట్టిందేనా?"

"నేను డాక్టర్ని కాను తమ్ముడూ. కానీ మూడింట్లోనూ అదే ఉంది. ఆయన చూసేదాకా ఇవి ఆపెయ్."

"ఎలా ఆపేది? డబ్బాలు నేను తెస్తున్నానని, మూడూ కలిపి పొట్లాలు కట్టి ఇంటిదాని చేతికిచ్చి వచ్చా. ఈ పూట ఒకటి చాలదు, రెండు వెయ్యమన్నా!"

ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు.

"శాలలోకి ఫోను తీసుకుపోదండీ. మోగితే గుమ్మటం బెదురుతుందని నేనే మాన్పించా. ఇన్నేళ్ల కాపరంలో నా మాట విన్నది ఆ ఒక్క విషయంలోనే."

"మేత ఎప్పుడు?"

"అయిదింటికి. నిమిషం అటూ ఇటూ కాదు. అదీ నేను నేర్పిందే."

మూడున్నర దాటింది. అతని ఇల్లు ఏడు కిలోమీటర్లు వెనక్కి.

"పది నిమిషాల్లో కదులుతాం బాబాయ్," అన్నాడు కండక్టరు.

"అటు కాదయ్యా. వెనక్కి వెళ్లే బండి ఎప్పుడు?"

"ఆరుకి."

అతను రోడ్డుకేసి చూశాడు. ఒక్క బండీ లేదు. చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు.

"ఈ డబ్బాలు నేను డాక్టరుకి చూపించనా? ఆయన ఉండేదెక్కడ?" అని అడుగుతూనే ఉన్నాను. అప్పటికే సంచీ డబ్బాలూ నా దగ్గరే వదిలేసి రోడ్డెక్కేశాడు. గబగబా నడిచాడు, అది చాలనట్టు పరుగందుకున్నాడు. మైలురాయి దగ్గర ఆగి మళ్లీ ఫోను చెవికి పెట్టుకున్నాడు. దించేశాడు. ఒక్కసారైనా ఇటు తిరగలేదు.