రన్ చేసి చూశాం

ఆఫీసులో ఆమెను చాటుగా చాదస్తం మేడం అంటారు. ఎదురుగా మాత్రం ఎవరూ నోరెత్తరు. కంపెనీ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో చెప్పే పాఠాలు రాయడం ఆమె ఉద్యోగం. "ఇలా కొట్టండి, ఇది వస్తుంది" అంటూ వాటిలో మూడు వందల కోడ్ ఉదాహరణలు. ప్రోగ్రామర్లు నెలకోసారి ఏదో ఒకటి మార్చి పారేస్తారు, ఆమె చెవిన మాత్రం వేయరు. పన్నెండేళ్లుగా ఇదే గోల! అందుకే ప్రతి ఉదాహరణా తన కంప్యూటర్లో కొట్టి చూసుకుని, కింద "రన్ చేసి చూశాం" అని తేదీతో సహా రాస్తుంది. ఆ మూడు ముక్కలంటే ఆమెకు ప్రాణం.

ఇంట్లో ఆడపడుచు ఉద్యోగం కోసం ఆ సాఫ్ట్‌వేరే, ఆమె పాఠాలు చూసే నేర్చుకుంటోంది. శుక్రవారం పరీక్ష. బుధవారం సాయంత్రం మేడం ఇల్లు చేరేసరికి, ఆ పిల్ల కంప్యూటర్ మూసేసి మొహం వేలాడేసుకుని కూర్చుంది.

"నావల్ల కాదు వదినా. మూడు రోజులుగా తొమ్మిదో పాఠం దగ్గరే ఉన్నా. ఎన్నిసార్లు కొట్టినా ఎర్రరే. పరీక్షకి వెళ్లను."

"కామా ఏదో మర్చిపోయుంటావులే. ఏదీ, నా ముందు కొట్టు."

పొల్లు పోకుండా కొట్టింది. మళ్లీ ఎర్రర్. మేడానికి ఒళ్లు మండిపోయింది. ప్రోగ్రామర్‌కి ఫోన్ చేసి దులిపేసింది.

"మళ్లీ చెప్పకుండా మార్చేశారా?"

"మీ కంప్యూటర్లో నడుస్తోందా మేడం?"

సంచిలోంచి తన ఆఫీసు కంప్యూటర్ తీసి కొట్టింది. భేషుగ్గా నడిచింది.

"అయితే మీ దాంట్లో మా పాత ఫైల్ ఉండిపోయింది, దానివల్లే నడుస్తోంది. తీసేయమని రెండేళ్ల కిందటే అందరికీ మెయిల్ పెట్టాం."

వెతికితే మెయిల్ ఉంది. తెరిచి చూసిన పాపాన పోలేదు. ఫైల్ తీసేసి మళ్లీ కొట్టింది. రెండు కంప్యూటర్లూ పక్కపక్కనే ఒకే ఎర్రర్ చూపించాయి. కోప్పడడానికి ఎవరూ మిగల్లేదు. ఆమెకు అంతకంటే పెద్ద శిక్ష లేదు.

"నీ తప్పేం లేదు, పరీక్షకి వెళ్తున్నావు," అంది. ఉక్రోషం ఆగక, "అయినా మొదటిరోజే నన్ను అడిగి చావొచ్చుగా!" అని కసిరింది.

ఆడపడుచు పాఠం అడుగున వేలు పెట్టి చూపించింది.

"రన్ చేసి చూశాం అని ఉంది కదా వదినా. రాసింది నువ్వాయె. ఇంక బుర్ర లేనిది నాకే అనుకున్నా."