క్వారీ గుంటలోకి దిగిన ఏసోబు

మా మామగారు ఏసోబు నేవీలో డైవరు. ఓడల కింద నీళ్ళలోకి దిగి మరమ్మతులు చేసేవారు. విశాఖపట్నంలో సర్వీసు ముగించుకుని తొంభై ఏడులో మార్టూరు పక్కనున్న సొంతూరికి వచ్చేశారు. వచ్చిన ఏడాదే అత్తయ్య పున్నమ్మతో కలిసి మిరపకాయల కోతకు వెళ్ళడం మొదలుపెట్టారట. "పెన్షనొస్తది గదా, ఈ ఎండలో నీకేం ఖర్మయ్యా?" అని ఎవరన్నా అంటే, "ఇన్నేళ్ళూ అది ఒక్కతే పోయింది. ఇకనన్నా తోడు పోవద్దా?" అనేవారట.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేసరికి మా ఆయన మార్క్ గ్రానైట్ క్వారీలో ట్రాక్టరు నడుపుతున్నాడు. పాప పుట్టాక మామయ్య కోతలు మానేశారు. పాప గౌన్లకు కూడా ఇస్త్రీ చేసేవారు. అత్తయ్య నవ్వేది.

రెండు వేల మూడులో, వానల్లో, క్వారీ అంచు విరిగి ట్రాక్టరుతో సహా మార్క్ గుంటలో పడ్డాడు. పాత గుంట అది, నిండా నీళ్ళు. మేం వెళ్ళేసరికి ఫైర్ ఇంజను వచ్చి ఉంది.

"నీళ్ళు తోడించాలండీ. రేపటిగ్గానీ అవదు" అన్నాడు వాళ్ళ ఆఫీసరు.

మామయ్య అప్పటికే చొక్కా విప్పేశారు. "రేపటిదాకా వాణ్ణి అందులో ఉంచనండీ. తాడు కట్టండి."

ఎవరూ ఆపలేకపోయారు. ఒకసారి మునిగి, వట్టి చేతులతో పైకొచ్చి, రాయి పట్టుకుని రొప్పారు. మళ్ళీ దిగారు. చాలాసేపటికి తాడు కదిలింది. కొడుకును చంకకింద పట్టుకుని పైకి తెచ్చారు. ఒడ్డున ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ముఖం మీది బురదంతా తనే తుడిచారు. ఆయన ముక్కులోంచి రక్తం కారుతోంది.

ఆ తర్వాత మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మామయ్య స్నానానికి కూడా చెంబుతో కాసిని నీళ్ళే పోసుకునేవారు. అత్తయ్య మాత్రం పాపను గుండెకు హత్తుకుని, "మా మార్కు ఎటూ పోలేదు, ఇదిగో" అని వచ్చినవాళ్ళకు చూపించేది.

రెండేళ్ళకు ఒకరోజు అన్నం తింటూ మామయ్య అన్నారు: "అమ్మా ఫెబా, పొన్నూరులో దేవసహాయం అని బడి మాస్టారున్నాడు. భార్య పోయింది. వెళ్ళి చూసొచ్చాను. మంచివాడు."

అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏందయ్యా నువ్వనేది? పిల్లనెత్తుకుని పొమ్మంటున్నావా?"

"ఫెబా వయసెంతే? మనం పోయాక దానికెవరు?"

"వాణ్ణి నీళ్ళలోంచి తెచ్చినోడివి, వాడి బిడ్డని పరాయోళ్ళకిస్తావా?"

మామయ్య కంచం ముందు తల వంచుకుని కూర్చుండిపోయారు. నాకూ వెళ్ళాలని లేదు. "నువ్వు నా కూతురివమ్మా. కూతుర్ని ఇలా ఉంచుకోలేను" అన్నారు, నన్ను ఒంటరిగా పిలిచి. పాస్టరుగారి ముందు నా చెయ్యి దేవసహాయం గారి చేతిలో పెట్టింది ఆయనే. అత్తయ్య పెళ్ళికి రాలేదు. ఆ రోజునుంచి మామయ్యతో మాట్లాడటం మానేసింది. అన్నం వండి పెట్టేది, గుడ్డలు ఉతికేది, పలకరిస్తే మొహం తిప్పుకునేది.

ఆయన మమ్మల్ని చూడటానికి పొన్నూరు వచ్చేవారు. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చాలాసేపు ఉండేవారు. "అత్తయ్య ఎట్లా ఉంది?" అంటే "ఉంది" అనేవారు. "నేనొచ్చి చెప్పనా మామయ్యా?" అంటే "వద్దమ్మా. దాని కోపంలో తప్పేం లేదు" అనేవారు. ఒక్కసారి మాత్రం, ఏ సందర్భమూ లేకుండా, "వాడి చెయ్యి స్టీరింగు మీదే ఉందమ్మా, వేళ్ళు విడదీయాల్సొచ్చింది" అని, లేచి చెప్పులేసుకుని బస్సుకు వెళ్ళిపోయారు.

రెండు వేల ఎనిమిదిలో, వేసవిలో, పక్షవాతం వచ్చి పోయారు. కబురంది మేం వెళ్ళేసరికి అత్తయ్య ఆయన పక్కన కూర్చుని చొక్కా గుండీలు పెడుతోంది. నన్ను చూసి ఏడవలేదు. పాపను దగ్గరకు తీసుకుని, దాని జుట్టు సవరించి, "తాతకి దణ్ణం పెట్టు" అంది.

సమాధి అయ్యాక, అత్తయ్యకు తోడుగా నేను ఉంటానన్నాను.

"వొద్దు. మీ ఆయన బయట నిలబడున్నాడు, పో. చీకటి పడితే బస్సుండదు" అంది.

ఇప్పటికీ అత్తయ్య మా గడప తొక్కలేదు. మేమే వెళ్తాం. అన్నం పెడుతుంది. మార్క్ గురించి మాట్లాడుతుంది. మామయ్య మాట మాత్రం ఎత్తదు.