జానిస్ మాటకు నేను చెప్పిన అర్థం

దీన్ని ఏళ్ళుగా మోస్తున్నాను. కాలం గడిస్తే తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. నువ్వు నన్ను ఓదార్చకు. విను, చాలు.

అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో నా మొదటి ఉద్యోగం. పక్క సీటు జానిస్‌ది, హాంగ్‌కాంగ్ అమ్మాయి. నాలాగే వీసా మీద ఉంది. టీమ్ లీడ్ పదవికి మా ఇద్దరి పేర్లే పరిశీలనలో ఉన్నాయి. ఆమె కోడ్ నాకన్నా శుభ్రంగా ఉండేది. అందుకే ఆమె నవ్వినా నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు లంచ్‌లో, ఎటో చూస్తున్నావేమని అడిగాను. వాళ్ళ భాష కాంటనీస్‌లో దీన్ని ‘సమ్ సీ సీ’ అంటారని ఇంగ్లీషులో చెప్పింది. దిగులు కాదట. వెళ్ళిపోవాలనీ కాదట. చేతిలో పని సాగుతూనే ఉంటుంది, మనసు మాత్రం ఒకచోటికి మళ్ళీ మళ్ళీ పోయి వస్తుంది. ఆమెకు అది వాళ్ళ వీధి చివర ట్రామ్ ఆగే చోటు. నాకు పూర్తిగా అర్థమైంది. ఇది గుర్తుపెట్టుకో.

ఎదురుగా మా మేనేజర్ ఫోన్ చూసుకుంటున్నాడు, ఆమె మాటలు సరిగ్గా వినలేదు. గుంటూరాయన. పక్కన ఎవరున్నా సరే, మేమిద్దరం తెలుగులోకి దిగిపోయేవాళ్ళం.

“ఏంట్రా, ఏదో తెగ ఫీలవుతోంది?”

“ఇక్కడ మనసు లేదంటోందన్నా. ఛాన్స్ దొరికితే వెళ్ళిపోతుందట.”

“మరి ఈవిడకి లీడ్ ఇచ్చి నేనేం చేసుకోను? రేపు బై చెప్పేసి పోతే పైవాళ్ళు నన్ను నంజుకు తింటారు!”

“అదేగా అన్నా.”

జానిస్ మా ముఖాలు మార్చి మార్చి చూసింది. తను చెప్పింది ఆయనకి సరిగ్గా చెప్పావా అని ఇంగ్లీషులో అడిగింది. చెప్పానన్నాను. సంతోషించింది.

లీడ్ నాకొచ్చింది. తర్వాతి లేఆఫ్‌లో, ఎలాగూ పోయే మనిషే కదా అని మేనేజర్ ఆమె పేరిచ్చాడు. వీసా గడువులోగా వేరే ఉద్యోగం దొరకలేదు. ఆమె దేశం విడిచి వెళ్ళింది.

పొరపాటున అన్నానా? లేదు. నోరు జారిందా? అదీ కాదు. ఆమెకు తెలుగు రాదు, ఆయన ఆమె మాట వినలేదు, మధ్యలో ఉన్నది నేనొక్కణ్ణే. అంతా చూసుకునే అన్నాను. ఇప్పటికీ ఆమె మీదే నాకు కోపం. అంత సులువుగా ఎందుకు నమ్మింది, కాస్త అనుమానించి ఉంటే ఆ రోజే దొరికిపోయేవాణ్ణి కదా అని తిట్టుకుంటాను. తిట్టిన ప్రతిసారీ, మనిషిని ముంచి, మునిగినందుకు ఆ మనిషినే తప్పుపట్టే రకాన్నని నాకే తెలిసిపోతుంది.

ఆమె నంబర్ నా దగ్గరుంది. ఇది ఆమెకు చెప్పవలసింది. నీకు చెబుతున్నాను, అదీ పిరికితనమే. అయినా ఒక్క మనిషికైనా నేనేమిటో ఇప్పుడు తెలుసు. అంతమేరకు ఊపిరాడుతోంది.