రాణి, రాని, రానీ

మా బాపు బండిని ఎవరైనా జీపు అంటే ఆయనకు నచ్చదు. లారీ అంటే వినేవాళ్లకు నవ్వొస్తుంది. ముందు సగం జీపు, వెనక సగం సామాను వేసే తొట్టి. ఏమనాలో తేలక ఇంట్లో అందరం ఉత్త బండి అనేవాళ్లం. ముప్పై ఏళ్లకు పైగా అది చొప్పదండి చుట్టుపక్కల వడ్లు, మామిడికాయల డబ్బాలు, పెండ్లి వంటల గంజులు, ఒకటి రెండుసార్లు ఏకంగా పెండ్లికూతుళ్లను మోసింది. ముందు అద్దం పైన రేకు మీద పసుపు అక్షరాలతో ‘రాణి’ అని రాసి ఉండేది. ఆ రాణి ఎవరని అవ్వ, అంటే మా అమ్మ, చాలా ఏళ్లు అడిగింది. బాపు ఏనాడూ చెప్పలేదు. పేరు పెయింటరే పెట్టాడేమోనని నా అనుమానం, కానీ ఆ మాట ఒప్పుకుంటే అవ్వ అడగడం మానేస్తుందని బాపు బెంగ కావచ్చు.

రెండేళ్ల కింద బాపు దాన్ని రేకుల షెడ్డు కింద నిలబెట్టి తాళంచెవి గోడ మేకుకు తగిలించాడు. బండి ముసలిదైంది అన్నాడు. మొన్నటి ఎండాకాలం సెలవులకు నేను వెళ్లేసరికి, కరీంనగర్ రోడ్డు మీద కొత్తగా దాబా పెట్టినాయన వచ్చి మా వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బండి చక్రాలు తీసేసి, దాబా ముందు ఇటుకల మీద నిలబెట్టి, తొట్టిలో మట్టి పోసి బంతిపూలు పెంచుతాడట. జనం ఆగి ఫొటోలు దిగుతారట, దిగినవాళ్లు ఎలాగూ చాయ్ తాగుతారట.

బాపు అంతా విన్నాడు. దాబాయన వెళ్లిపోయాక అన్నాడు.

“బండి అంటే తిరగాలె. పూలు వెట్టుకొని నిలవడనీకి అదేమన్న పెండ్లిపిల్లనా?”

అలాంటప్పుడు ఇవ్వనని చెప్పలేకపోయావా అని నేనంటే, తుప్పు పట్టే కంటే పూలు పూయడం నయం కదా అని గొణిగాడు. అవ్వ నన్ను వంటింట్లోకి పిలిచి, పొయ్యి మీద కూర కలుపుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

“ముసలిదైంది బండి గాదు రా. ఆయన కుడి రెట్ట భుజం కాడికెల్లి లేస్తలేదు. స్టీరింగ్ తిప్పరాక ఆపిండు. ఎవ్వలికి చెప్పద్దన్నడు.”

నేను తెలుగు పంతులును. బోథ్ దగ్గరి ఒక బడిలో పాఠాలు చెబుతాను, ఇచ్చోడలో కాపురం. యంత్రాలతో నా పరిచయం ఎంతటిదంటే మా ఇంట్లో గ్యాస్ బండ మార్చేది నా భార్య. అలాంటివాణ్ని ఆ పూట ఏం పూనిందో, కూర ఉడికేలోపు బయటికి వచ్చి, బండిని నేను తీసుకుపోతా, బాగుచేయించి రోజూ బడికి అందులోనే పోతా అని ప్రకటించాను. నా మనసులో అసలు సంగతి వేరు. బండి తిరిగితే చాలదు, బాపు తిప్పాలి. ఆ మాట ఆయన ముందు అనే ధైర్యం లేదు కాబట్టి బడిని అడ్డం పెట్టుకున్నాను.

బాపు నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసి షరతు పెట్టాడు.

“బడులు తెరిచేలోపట అది ఇచ్చోడ కెల్లి ఈడికి దానంతట అది రావాలె. తాడు గట్టి గుంజుకొచ్చుడు లేదు, నూక్కొచ్చుడు లేదు. రాలే అనుకో, దాబాకే.”

దాబాయనకు కూడా ఫోన్ చేసి అదే గడువు చెప్పాడు.

బండి ఆదిలాబాద్‌కు ఖాళీగా పోతున్న ఒక లారీ మీద ఎక్కి పోయింది. ఇన్నేళ్లు అందరినీ మోసినదాన్ని మోసుకుపోతుంటే చూడలేక బాపు పొలానికి వెళ్లిపోయాడు. ఇచ్చోడలో అది మా ఇంటి ముందు దిగగానే నా భార్య చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, గ్యాస్ బండ ముట్టనివాళ్లు బండిని బాగుచేస్తారా అని అడిగింది. బండకు గుడి ఇస్తే బండి, అంతే కదా తేడా అన్నాను. ఆమె నవ్వలేదు. నా హాస్యానికి ఇంట్లో ఉన్న గిరాకీ అంతే.

ఇచ్చోడలో పాత జీపులకు ఒక ఉస్తాద్ ఉన్నాడు. ఒకప్పుడు గుట్టల మీది ఊళ్ల నుంచి అంగడికి జనాన్ని మోసిన జీపులన్నీ ఆయన చేతుల్లో పెరిగినవే. ఇంట్లో మరాఠీ, నాతో తెలుగు, బోల్టులతో మళ్లీ మరాఠీ. మొండికేసిన బోల్టును “హళూ, హళూ” అంటూ పసిపిల్లను నడిపించినట్టు మెల్లగా తిప్పుతాడు. ఊడిందంటే తెలుగులో మెచ్చుకుంటాడు. ఊడలేదంటే ఉర్దూ మొదలవుతుంది.

ఇంజిన్ విప్పి లోపల వేలు పెట్టి చూసి, బోర్ కొట్టించాలె సార్ అన్నాడు. సిలిండర్లు అరిగిపోయాయి, లోపల చెక్కించి కొత్త పిస్టన్లు వేయాలని దాని అర్థం. ఇరవై ఏళ్లుగా పిల్లలకు బోర్ కొట్టిస్తున్నాను గానీ ఇంజిన్‌కు కొట్టించడం ఇదే మొదలు అన్నాను. ఆయన మర్యాదకు నవ్వి, నన్ను ఒక స్టూలు మీద కూర్చోబెట్టి పానాలు అందించే పని ఇచ్చాడు. పన్నెండో నంబరు అడిగితే పద్నాలుగు ఇచ్చేవాణ్ని. మూడో రోజుకు ఆ ఉద్యోగం పోయింది. డీజిల్ డబ్బాలో బోల్టులు కడిగే పని దొరికింది. అందులో బాగా రాణించాను.

తొట్టి చెక్కలు లేపితే కింద పిడికెడు వడ్లు, ఎవరి పెండ్లిదో ఒక పొడుగు గంటె, నిద్రపోతున్న తొండ ఒకటి బయటపడ్డాయి. డ్రైవర్ కాళ్ల కింది రేకు మాత్రం అసలు బయటపడలేదు, ఎందుకంటే అది లేదు. తుప్పు తినేసి రోడ్డు కనిపిస్తోంది. అప్పుడు నాకు నా పాఠం గుర్తొచ్చింది. మాటలు కలిసేచోట ఒక అక్షరం పోతే లోపం, కొత్తది వచ్చి చేరితే ఆగమం, ఒకదాన్ని తోసేసి ఇంకొకటి కూర్చుంటే ఆదేశం. తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా పిల్లల మొహాలు గోడల్లా ఉంటాయి. ఉస్తాద్‌కు ఒక్కసారి చెబితే చాలింది. రేకు పోయిన చోటు చూపించి “గిది లోపం” అన్నాడు. ముందు చక్రాలకు పాత డ్రమ్ము బ్రేకులు తీసి డిస్కు బ్రేకులు వేస్తూ “గిది ఆదేశం” అన్నాడు. సీటు బెల్టులు ఆగమం. ఆ వారం ఆయన మొత్తం షెడ్డుకు వ్యాకరణం నేర్పాడు. పక్క పంక్చర్ దుకాణం ఆయన కూడా ట్యూబు నీళ్లలో ముంచి లోపం దొరికిందని అరిచేవాడు.

బాపు రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. నా బాగోగులు అడిగే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు, ఇప్పుడూ అడగలేదు. ఇంజిన్ ఎట్లుంది, చాసి ఎట్లుంది, వెల్డింగ్ పొడుగునా కొట్టిండా, చుక్కలు పెట్టి విడిచిండా. పవర్ స్టీరింగ్ పెట్టిస్తున్నానని చెప్పిన రోజు మాత్రం గొంతు లేచింది.

“స్టీరింగ్‌కు గూడ కూలోన్ని వెడ్తవా?”

నాకోసమే అన్నాను. సుద్దముక్క కంటే బరువైంది ఎత్తని చేతులు కదా బాపు, గుట్టల రోడ్డు మీద ఆ పాత స్టీరింగ్ తిప్పితే నా భుజాలు ఊడివస్తాయి అన్నాను. నా చేతుల బలహీనత గురించి ఆయనకు సందేహం ఏమీ లేదు కాబట్టి నమ్మాడు. తర్వాత వేరే ఏదో అడిగినట్టు అడిగాడు.

“ఎన్ని ఏళ్లతోని తిరుగుతది?”

ఆయన అడిగింది వేళ్ల గురించి. వ లేకుండా పలకడం మా వైపు మామూలే. నేను పంతులును కాబట్టి సంవత్సరాలనుకుని, ఇంకో పదేళ్లు తిరుగుతుంది బాపు అన్నాను. అరె, చేతి ఏళ్లు రా అని విసుక్కున్నాడు. రెండు చాలు అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

బడులు తెరవడానికి మూడు రోజులుందనగా బండి ఫిట్‌నెస్ పరీక్ష పాసైంది. మార్చిన భాగాల కాగితాలన్నీ చూసి, బ్రేకు తొక్కి, లైట్లు వేసి, ముద్ర కొట్టారు. అదే పరీక్ష నాకు పెట్టి ఉంటే మెట్ల దగ్గరే ఆపేసేవాళ్లు. ఇక మిగిలింది పేరు. పాత రేకు మారిపోయింది కనుక ఇచ్చోడలోని పెయింటర్‌కు ఫోన్ చేసి, ముందట పెద్ద అక్షరాలతో రాణి అని రాయమన్నాను.

మర్నాడు పొద్దున బయలుదేరడానికి వెళితే, నీలం రంగు మెరుస్తూ బండి నిలబడి ఉంది. రెండు వైపులా తామరపూలు, మధ్యలో మూర పొడుగు పసుపు అక్షరాలు.

రాని.

పిల్లల నోటుపుస్తకాల్లో ఈ తప్పుకు ఎన్ని ఎర్ర సున్నాలు చుట్టానో లెక్క లేదు. ణ ఎక్కడ, న ఎక్కడ అని చెవులు మెలేసినంత పని చేశాను. పెయింటర్‌ను నిలదీస్తే అమాయకంగా, మీరు ఫోన్‌ల గట్లనే అన్నరు గద సార్ అన్నాడు. నిజమే. నాలుక పళ్ల వెనకే ఉండిపోయి ఉంటుంది, ఊళ్లో పుట్టిన నాలుక. ఉస్తాద్‌ను ఎందుకు చెప్పలేదని అడిగితే, ఆయన చదివేది మరాఠీ, ఆయన చూసింది తామరపూలు.

వచ్చి తీరుతుందని పందెం కాసిన బండి నుదుట ‘రాని’ అని రాసుకుని నేను చొప్పదండి పోవాలి. నా భార్య ఈసారి నవ్వింది. నవ్వీ నవ్వీ అరుగు మీద కూలబడింది. చెరిపి మళ్లీ రాస్తే ఆరడానికి ఒక రోజు. పెయింటర్ తల గోక్కుని, కుంచె తీసి, “దీర్ఘం ఇస్త సార్, రానీ అయితది” అన్నాడు. గుడిని గుడిదీర్ఘం చేశాడు. వ్యాకరణం అంత పనికొచ్చిన సందర్భం నా సర్వీసులో ఇంకొకటి లేదు.

బండి వచ్చింది. నిర్మల్ ఘాట్ దిగేటప్పుడు నేను బ్రేకు మీద కాలు పెట్టి, ఉస్తాద్‌ను తలుచుకుని, హళూ హళూ అనుకుంటూ దిగాను. వెనక లారీల వాళ్లు హారన్లు కొట్టి, దాటిపోతూ నుదుటి మీది పేరు చదివి చెయ్యి ఊపారు. నా భార్య సీటు బెల్టు పెట్టుకుని పల్లీలు తింటూ కూర్చుంది. దారి పొడుగునా ఎక్కడా ఆగలేదు, ఆపితే మళ్లీ స్టార్ట్ అవుతుందో లేదోనని నేనే ఆపలేదు.

మా వాకిట్లోకి బండిని వెనక్కి పెట్టాలి. బాపు అప్పటికే వెనక నిలబడి గోడ వైపు చూస్తూ “రానీ, రానీ, రానీ” అని చెయ్యి ఊపుతున్నాడు. బస్, చాలు అన్నాక ముందుకు వచ్చి పైకి చూశాడు. చదివాడు. తాను అన్న మాట అప్పుడే రాసినట్టుంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది. రాణి ఏదిరా అని అడిగాడు. నేను జరిగింది చెబుతుంటే అవ్వ మధ్యలోనే అందుకుంది.

“పోయిందా గామె? మంచిగయింది తీ.”

ఆ పూట బాపు బండిని ముట్టుకోలేదు. బానెట్ లేపించి చూశాడు, కిందికి వంగి వెల్డింగ్ చూశాడు, టైర్లు తట్టాడు. స్టీరింగ్ వైపు మాత్రం వెళ్లలేదు. నేను తాళంచెవి చేతికిస్తే మేకుకు తగిలించాడు. రాత్రి అన్నం తింటూ, బడికి సరిపోతది గని అన్నాడు, మాట పూర్తి చేయలేదు.

తెల్లవారి నేను పళ్లు తోముకుంటుంటే, సీటు ఎత్తు చూస్తా అని బాపు బండి ఎక్కాడు. ఎడమ చేత్తో స్టీరింగ్ తిప్పాడు. తాళంచెవి ఎప్పుడు తీసుకున్నాడో తెలియదు, ఇంజిన్ మోగింది. కుడిచేయి పైకెత్తలేదు. ఒడిలో ఉన్నట్టే ఉంచి, రెండు వేళ్లు స్టీరింగ్ అడుగున ఆనించాడు. ముందు చక్రాలు ఇటూ అటూ కదిలాయి. ఇంకోసారి తిప్పాడు. ఏ పనీ లేకుండా ఇంకోసారి.

“జర రోడ్డు దాక పోయస్త” అని అవ్వతో అన్నాడు. నాతో కాదు.

రెండు గంటలు రాలేదు. అవ్వ గేటుకూ గుమ్మానికీ నడుస్తూ, నన్ను తిడుతూ, మధ్యలో తనలో తనే నవ్వుకుంటూ గడిపింది. వచ్చేసరికి తొట్టి నిండా విత్తనాల బస్తాలున్నాయి. బాపు దిగకుండానే చెప్పాడు. దాబా దాకా పోయాడట. పూలు పెడతానన్న జాగాలోనే బండి ఆపి, చాయ్ తాగి, ఇది నిలబడే బండి కాదని దాబాయనతో చెప్పి వచ్చాడట. ఆయనేం బాధపడలేదట, ఫొటో ఒకటి దిగి సాగనంపాడట. వచ్చే దారిలో ఇద్దరు రైతులు ఆపి బస్తాలు వేశారట, ఇంకా నలుగురు చెప్పి పెట్టారట.

మరి రేపు బడి తెరుస్తారు, నేను దేనిలో పోవాలె బాపు అన్నాను. దిగులు మొహం పెట్టాలని చూశాను గానీ నవ్వు ఆగలేదు.

“బడికి బస్సున్నది గదరా. గీ బస్తాలకు బస్సున్నదా?”

మధ్యాహ్నం మమ్మల్ని ఆయనే బస్టాండులో దింపాడు. నా భార్య ముందు సీట్లో, నేను బస్తాల మీద. దిగి సంచి భుజాన వేసుకుని నేను చెయ్యి ఊపాను. ఆయన చూడలేదు. నా ఎత్తుకు పెట్టి ఉన్న అద్దాన్ని తన ఎత్తుకు దించుకుంటున్నాడు.