సన్న తీగ కింద గుడ్డపేలిక

ఈ సంగతి నా భార్యకు తెలియదు. మా అమ్మకు తెలియదు. తెలియాల్సిన మనిషికి అసలే తెలియదు. ఏళ్ల తరబడి మోస్తున్నాను. మోయడం అలవాటైపోతుందనుకున్నాను గానీ, కాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. రాజేశమన్న చెవులు పోతున్నాయని అతనికంటే ముందు నాకు తెలిసింది. దాచాను. దాచి ఊరుకోలేదు, అతనికి తెలియకుండా ఉండేందుకు నా చేతులతో నేనే ఒక ఏర్పాటు చేశాను.

మేముండేది సూరత్‌లో, భేస్తాన్ అనే పేటలో. మా నాన్న, రాజేశమన్న వాళ్ల నాన్న ఒకే ఊరి నుంచి మరమగ్గాల పనికి వచ్చారు. మరమగ్గాన్ని మా వాళ్లు సాంచ అంటారు. పెద్దయ్యాక మేమిద్దరం ఒకే కార్ఖానాలో పక్కపక్క సాంచల మీద నిలబడ్డాం. నాకు పని నేర్పింది రాజేశమన్నే. గిటార్ కూడా అతనిదే, ఎవరో ఇల్లు ఖాళీ చేసి పోతుంటే కొన్నాడు. ఆదివారాలు డాబా మీద కూర్చుని, నా ఫోన్‌లో వీడియోలు చూస్తూ ఇద్దరం నేర్చుకునేవాళ్లం.

తీగలు మీటే పిక్‌ను కిందికీ పైకీ ఆడించడం అతనికి ఇట్టే పట్టుబడింది. రోజంతా తెగిన పోగులు ముడివేసే వేళ్లు కదా. నావీ అవే వేళ్లు, అదే పని, నాకు మాత్రం నెలలు పట్టింది. కుళ్లుకున్నాను. ఆ మాట ఇక్కడే చెప్పేస్తే మంచిది, లేకపోతే తర్వాత చెప్పేవన్నీ భయం ఖాతాలో రాసేసి నేను తప్పించుకుంటాను.

మ్యూటింగ్, అంటే అక్కర్లేని తీగల మోత ఆపడం మాత్రం అతనికి లొంగలేదు. లావు తీగలు వాయిస్తుంటే సన్న తీగలు వాటంతట అవే మోగుతుంటాయి. కుడి అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర, అంటే తీగలు కట్టే చెక్క దగ్గర ఆనించాలి. ఎడమచేతి వేళ్లను తీగల మీద తాకీ తాకనట్టు ఉంచాలి. అప్పుడు ఆ మోత ఆగుతుంది. దీనికి చేతికంటే చెవి ముఖ్యం. మోగుతున్నది వినబడితేనే కదా ఆపేది? రాజేశమన్న ఆపేవాడు కాదు. సన్న తీగ గుయ్యిమంటూనే ఉండేది, అతను హాయిగా తల ఊపుతూ వాయించుకుపోయేవాడు.

ఒక ఆదివారం అతను అటు తిరిగి చాయ్ పోస్తున్నాడు. గిటార్ నా ఒళ్లో ఉంది. సన్న తీగను మీటాను. తిరగలేదు. గట్టిగా మీటాను. తిరగలేదు. లావు తీగను మీటితే వెంటనే తిరిగి నవ్వాడు. సాంచల మోతకు చెవులు పోయిన మా నాన్నకు అచ్చం ఇలాగే మొదలైంది. ముందు కుక్కర్ విజిల్ వినబడటం మానేసింది, తర్వాత పిల్లల గొంతులు, ఆఖరికి మేమందరం. ఇంట్లో ఎవరికీ ముందుగా అనుమానం రాలేదు. సాంచల మధ్య మాట వినబడదు కాబట్టి పెదాలు చూసి, సైగలు చూసి మాట్లాడుకుంటాం, ఆ అలవాటు ఇంటికీ వస్తుంది. చెవి ఉన్నవాడూ చెవి పోయినవాడూ మా దగ్గర ఒక్కలాగే కనబడతారు.

అప్పుడే చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు?

ఆ వారమే మా మాస్టర్, అంటే సాంచల మీద పెత్తనం చేసే మనిషి, మా ఇద్దరినీ పిలిచి ఒకరు చెకింగ్ గదికి రావాలన్నాడు. ఎవరో మీరే తేల్చుకోండన్నాడు. నేసిన గుడ్డను వెలుతురులో పరిచి మచ్చలు చూసే గది అది. తలుపు వేస్తే సాంచల మోత లోపలికి పెద్దగా రాదు. నాకు ఆ గది కావాలి. నేను మా నాన్నలా కాకూడదు. రాజేశమన్నకు సంగతి చెబితే గది అతనిదే అవుతుంది, అడ్డం చెప్పడానికి నాకు నోరుండదు. పోనీ ఊరుకుందామా అంటే, తీగ మోగుతూనే ఉంటే రేపో మాపో ఇంకెవరో అడుగుతారు, నీకది వినబడట్లేదా అని.

తర్వాతి ఆదివారం అతనే అడిగాడు.

"తమ్మీ, గా సన్న తీగ ఇంకా మోగుతున్నదా? నాకైతే జర సుత సమజైతలేదు."

నేను గిటార్ తీసుకుని, జేబులోంచి గుడ్డపేలిక ఒకటి తీసి, సన్న తీగల సందుల్లోంచి అల్లి బ్రిడ్జి పక్కన బిగించాను.

"గదేంది?"

"బ్రిడ్జి వదులైందన్నా. గలగలమంటున్నది, అందుకే."

వాయించాడు. సన్న తీగలు నోరెత్తలేదు.

"ఇప్పుడు?"

"మోగుతలేదన్నా. నీ చెయ్యి కుదిరింది."

ఎంత సంతోషపడ్డాడో. ఆ సంతోషంలోనే అన్నాడు, "చెకింగ్‌ల నువ్వే పో తమ్మీ."

"పెద్దోనివి, నువ్వు పోవాలె గదన్నా," అన్నాను. మర్యాదకు.

"నాకేంది, సాంచల సప్పుడు అలవాటైంది. ఈ నడుమ గంత మోతనే అనిపిస్తలేదు. నీ చెవులు మంచిగుండాలె. నా తప్పులు చెప్పెటోనివి నువ్వొక్కనివే."

నేను సరేనన్నాను.

పేలిక జేబులోంచి తీశానన్నాను, గమనించారా? ఆదివారం పూట మనిషి జేబులో గుడ్డపేలిక ఎందుకుంటుంది? శనివారమే కార్ఖానాలో కత్తిరించి పెట్టుకున్నాను. భయంలో నోరు పెగల్లేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. భయపడ్డవాడు అంత కొలత చూసి కత్తిరిస్తాడా?

ఇవాళ్టికీ ఆ గదిలోనే ఉన్నాను. నా చెవులు భేషుగ్గా ఉన్నాయి. రాజేశమన్న కూతురు అక్షిత "బాపూ" అని పిలిస్తే అతను తిరగడు. చక్కగా మాటలొచ్చిన పిల్ల, తండ్రిని పిలవడం మానేసి చొక్కా లాగడం నేర్చుకుంది. పిలిస్తే పలకడు, పొగరెక్కిందని వదిన మొదట్లో నా ముందే ఏడ్చింది. ఆవిడ వండింది తింటూ తల దించుకుని కూర్చున్నాను. పోయిన చెవి తిరిగి రాదని, ముందే మోతకు దూరంగా ఉండుంటే ఇంతదాకా వచ్చేది కాదని డాక్టర్ అన్నాడట. ఆ మాట కూడా రాజేశమన్నే నాకు చెప్పాడు, నన్నేదో ఓదారుస్తున్నట్టు. ఆ గదికి అతను పోయినా చెవులు నిలిచేవని ఏముంది? నా చెవులు పోతే నా పిల్లల గతేంటి? ఇవన్నీ నాకు నోటికొచ్చు. ఒక్కటీ రాత్రి నిద్ర పట్టించదు.

మొన్న తీగలు మార్చమని గిటార్ ఇచ్చాడు. పాత తీగలు విప్పగానే పేలిక నా ఒళ్లో పడింది. మాసిపోయి, తీగల గీతలు పడి ఉంది. అక్షిత దాన్ని తీసి చెత్తబుట్ట వైపు చూసింది.

"కాకా, గిది కచరాల ఏయాలా?"

రాజేశమన్న ఎదురుగా కూర్చుని నా పెదాలే చూస్తున్నాడు. ఇప్పుడతను అందరి మాటా అలాగే వింటాడు. నిజం చెప్పడానికి గొంతు తెరవకుండా పెదాలు కదిపినా సరిపోయేది. పిల్లకు కూడా వినబడేది కాదు. అంత సులువైన అవకాశం నాకు మళ్లీ ఎప్పుడొస్తుంది?

"వద్దమ్మా, ఇటియ్యి," అన్నాను. కొత్త తీగలు బిగించి, దాన్ని మళ్లీ సన్న తీగల్లోంచి అల్లాను. అతను వాయించాడు. ఎప్పటిలాగే అడిగాడు, మోగుతున్నదా అని. లేదని తల ఊపాను. నవ్వాడు.

మీకు చెప్పాను. అతనికి చెప్పలేదు, చెబుతానని మీకు మాటివ్వలేను. క్షమించమని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఇన్నాళ్లూ ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు మీకూ తెలుసు. దీనివల్ల రాజేశమన్నకు ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం కొంచెం తేలికగా ఉంది, అందుకు కూడా సిగ్గుగానే ఉంది.